హై ప్రెషర్ ప్రాజెక్ట్‌కి ఏ సెమీకండక్టర్ తీస్కోవాలి, రామనా ఎక్స్‌ఆర్‌డీయా? బెంగళూరు వచ్చే మన జూనియర్స్ కోసం

ఏటా జూలై, ఆగస్టు వచ్చిందంటే బెంగళూరులో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న, అన్నా మా గైడ్ హై ప్రెషర్ మీద చెయ్యమన్నారు, ఏ మెటీరియల్ తీస్కోను, రామన్ చెయ్యనా ఎక్స్‌ఆర్‌డీ చెయ్యనా, డీఎఫ్‌టీ కూడా నేర్చుకోవాలా అని. (రామన్ అంటే లేజర్ కొట్టి పరమాణువుల కంపనాలు చూడటం, ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రేలతో క్రిస్టల్ స్ట్రక్చర్ చూడటం, డీఎఫ్‌టీ అంటే అదంతా కంప్యూటర్‌లో లెక్కగట్టడం.) చాలామంది ముందు మెటీరియల్ ఫిక్స్ అయిపోతారు, అదీ ఏది ఫ్యాషన్‌లో ఉంటే అది, ఆ తర్వాత తీరిగ్గా మా ల్యాబ్‌లో సెల్ (రెండు డైమండ్ల కొనల మధ్య శాంపిల్‌ని పెట్టి నొక్కే పరికరం) ఎంత ప్రెషర్ దాకా పోద్ది అని కనుక్కుంటారు. నా మాట వింటే దీన్ని తిరగెయ్యండి. ముందు మీ ల్యాబ్‌లో ఏ సెల్ ఉంది, శాంపిల్‌ని నొక్కే డైమండ్ ముఖం సైజెంత, లేజర్ ఏ రంగు, గ్యాస్ లోడింగ్ (సెల్‌లోకి గ్యాస్ నింపే ఏర్పాటు) ఉందా, సింక్రోట్రాన్‌లో, అంటే చాలా గట్టి ఎక్స్‌రేలు ఇచ్చే పెద్ద యంత్రం దగ్గర, బీమ్ టైమ్ వచ్చే ఛాన్స్ ఉందా, చేతిలో ఆర్నెల్లుందా ఐదేళ్ళుందా, ఇవి చూస్కోండి. దానికి సరిపడే కాంపౌండ్ తర్వాత దానంతటదే తేలుతుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్తా, ఇది తెలీకపోతే కింద చెప్పే పోలికలు తలకెక్కవు. మన మామూలు సెమీకండక్టర్లు, గాలియం ఆర్సెనైడ్, జింక్ ఆక్సైడ్, కాడ్మియం సల్ఫైడ్ లాంటివి, జింక్ బ్లెండ్ అనో వర్ట్‌జైట్ అనో పిలిచే క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఉంటాయి, అంటే ఒక్కో పరమాణువు చుట్టూ నలుగురే పక్కింటోళ్ళు, మధ్యలో బోలెడు ఖాళీ. ప్రెషర్ పెంచుకుంటూ పోతే ఒక దశలో ఈ ఖాళీ స్ట్రక్చర్ కన్నా చుట్టూ ఆరుగురు పట్టే రాక్ సాల్ట్ లాంటి స్ట్రక్చరే ఎనర్జీ పరంగా చవకవుతుంది, ఎందుకంటే ఎంథాల్పీలో (ప్రెషర్ కూడా కలిపిన ఎనర్జీ లెక్కలో) ప్రెషర్ ఇంటూ వాల్యూమ్ అనే ముక్క పెద్దదైపోయి, తక్కువ చోటు తీసుకునేదే గెలుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులో ముగ్గురి సీట్లో ఐదుగురు సర్దుకున్నట్టే. ఇక్కడ చాలామందికి తెలీని సంగతి ఏంటంటే, ట్రాన్సిషన్ అప్పుడు, అంటే ఇలా స్ట్రక్చర్ మారేటప్పుడు, మొత్తం వాల్యూమ్ తగ్గుతుంది కానీ ఒక్కో బాండ్ పొడుగు మాత్రం పెరుగుతుంది. జింక్ ఆక్సైడ్‌లో వాల్యూమ్ దాదాపు 17 శాతం ఒక్కసారే పడిపోతుంది, అయినా జింక్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య దూరం ఎక్కువైపోతుంది. పక్కింటోళ్ళు ఎక్కువైనప్పుడు ఒక్కొక్కరితో చుట్టరికం పల్చబడుతుంది కదా. వైవాలో ఇది అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

యూనిట్ సంగతి, ల్యాబ్‌లో అందరూ జీపీఏ అంటారు, గిగాపాస్కల్ అని పూర్తిగా ఎవరూ అనరు, నేనూ జీపీఏ అనే రాస్తా. 1 జీపీఏ అంటే సుమారు 10,000 అట్మాస్ఫియర్లు.

ఇప్పుడు మెటీరియల్స్. మూడు-ఐదు గ్రూపుల కాంపౌండ్లని వరసగా చూస్తే ఒక ట్రెండ్ కనిపిస్తుంది, ఇండియం యాంటిమనైడ్ 2-3 జీపీఏకే మారిపోతుంది, ఇండియం ఆర్సెనైడ్ 7 దగ్గర, ఇండియం ఫాస్ఫైడ్ 10 దగ్గర, గాలియం ఆర్సెనైడ్ 17 దగ్గర, గాలియం ఫాస్ఫైడ్ 22 పైన. పరమాణువులు చిన్నవై బాండ్ గట్టిపడేకొద్దీ ప్రెషర్ పైకి పోతుంది. గాలియం నైట్రైడ్‌కి వచ్చేసరికి 50కి దగ్గరైపోతుంది. మొన్నొక జూనియర్ అడిగాడు, అన్నా గాలియం నైట్రైడ్ చేస్తా, బ్లూ ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ కూడా వచ్చింది కదా, పేపర్ ఈజీగా పడుద్ది అని. పేపర్ సంగతి తర్వాత బాబూ, 50 జీపీఏకి పోవాలంటే 300 మైక్రాన్లో అంతకన్నా చిన్నదో డైమండ్ ముఖం కావాలి, గాస్కెట్ (శాంపిల్ చుట్టూ ఉండే లోహపు రేకు) రీనియందైతే మేలు, మీడియం (శాంపిల్ చుట్టూ నింపి ప్రెషర్‌ని అన్ని వైపులా సమానంగా పంచేది) నియానో హీలియమో కావాలి, పైగా ఒక జత డైమండ్లు లక్ష దాటిపోతాయి, పగిలితే గైడ్ మొహం మీరే చూడాలి. ఫస్ట్ ప్రాజెక్ట్‌కి వద్దే వద్దు.

ఫస్ట్ ప్రాజెక్ట్‌కి నేను చెప్పేది కాడ్మియం సల్ఫైడ్. ట్రాన్సిషన్ 2.5-3 జీపీఏ దగ్గరే అయిపోతుంది, 500-600 మైక్రాన్ల ముఖం ఉన్న డైమండ్ చాలు, స్టీల్ గాస్కెట్ చాలు, మిథనాల్-ఇథనాల్ చాలు. పైగా కళ్ళతో కనిపిస్తుంది: బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ పైకి దూకడానికి కావాల్సిన ఎనర్జీ) 2.4 ఎలక్ట్రాన్ వోల్ట్ కాబట్టి మామూలుగా పసుపు, రాక్ సాల్ట్‌కి మారగానే గ్యాప్ బాగా పడిపోయి ముదురు రంగుకి తిరిగిపోతుంది, మైక్రోస్కోప్‌లో చూస్తుండగానే. కొత్తవాళ్ళకి ఇంతకన్నా ధైర్యమిచ్చేది లేదు. మైనస్ ఏంటంటే దీని మీద దశాబ్దాలుగా పని జరిగింది, ఉత్త బల్క్ పౌడర్ తీసుకుని మళ్ళీ అదే చేస్తే కొత్తదనం సున్నా. అందుకే పీహెచ్‌డీ వాళ్ళైతే నానోపార్టికల్స్ వైపో డోపింగ్ వైపో తిప్పుకోండి. నానో సైజులో ట్రాన్సిషన్ ప్రెషర్ పెరుగుతుంది అని 1994లోనే కాడ్మియం సెలెనైడ్ నానోక్రిస్టల్స్ మీద టోల్బర్ట్, అలివిసాటోస్ చూపించారు, పార్టికల్ ఎంత చిన్నదైతే ట్రాన్సిషన్ అంత ఆలస్యం, ఆ ఐడియా మీద ఇంకా చాలా చెయ్యొచ్చు.

జింక్ ఆక్సైడ్ కూడా అందరూ అడిగేదే. విషం గొడవ లేదు, ఎక్కడైనా దొరుకుతుంది, రామన్‌లో 437 వేవ్‌నంబర్ (పీక్ ఎక్కడుందో చెప్పే లెక్క) దగ్గర మంచి గట్టి పీక్ ఉంటుంది. కానీ ట్రాన్సిషన్ 9-10 జీపీఏ దగ్గర, మన మిథనాల్-ఇథనాల్ 4:1 మీడియం గ్లాస్ లాగా గట్టిపడేది కూడా సరిగ్గా 10 దగ్గరే. రెండూ ఒకే చోట పడ్డాయంటే మీరు చూసిన పీక్ బ్రాడెనింగ్ స్ట్రక్చర్ మారబట్టి వచ్చిందా మీడియం గట్టిపడబట్టి వచ్చిందా అని రెఫరీ అడుగుతాడు, జవాబుండదు. గ్యాస్ లోడింగ్ ఉన్న ల్యాబ్ అయితేనే జింక్ ఆక్సైడ్ తీస్కోండి, లేదంటే వదిలెయ్యండి. ఇంకోటి, వెనక్కి ప్రెషర్ వదిలేటప్పుడు ఇది 2 జీపీఏ దాకా రాక్ సాల్ట్‌లోనే మొండికేస్తుంది, అంత పెద్ద హిస్టరిసిస్, ఇది మాత్రం నిజంగా ఇంట్రెస్టింగ్.

గాలియం ఆర్సెనైడ్ అంటే నాకు గౌరవమే, కానీ 17 జీపీఏ, ఆ పైన వచ్చేది నీట్‌గా రాక్ సాల్ట్ కూడా కాదు, ఆర్థోరాంబిక్ స్ట్రక్చర్, రామన్ ఒక్కదానితో తేలదు. కాకపోతే స్ట్రక్చర్ వదిలేసి బ్యాండ్ గ్యాప్ చూడాలనుకుంటే ఇది బంగారం, డైరెక్ట్ గ్యాప్ జీపీఏకి 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ పైన పెరుగుతుంది, 4 జీపీఏ దగ్గర్లో గ్యాప్ డైరెక్ట్ (వెలుగు బాగా ఇచ్చే రకం) నుంచి ఇండైరెక్ట్‌కి మారిపోయి ఫోటోలూమినెసెన్స్ (లేజర్ పడితే శాంపిల్ తిరిగి ఇచ్చే వెలుగు) ఠక్కున పడిపోతుంది. క్రిస్టల్ స్ట్రక్చర్ మారకుండానే ఎలక్ట్రానిక్ కథ మారిపోవడం అన్నమాట. ఫోటోలూమినెసెన్స్ సెటప్ ఉండి, తక్కువ ప్రెషర్ సెల్ ఉన్నవాళ్ళకి మంచి ఆప్షన్.

కాడ్మియం టెల్యురైడ్ గురించి ఒక కథ చెప్పాలి. చాలా ఏళ్ళ పాటు ఇది జింక్ బ్లెండ్ నుంచి నేరుగా రాక్ సాల్ట్‌కి పోతుందనే అనుకున్నారు. 1990ల్లో ఇంగ్లాండ్‌లోని డేర్స్‌బరీ సింక్రోట్రాన్‌లో నెల్మ్స్, మెక్‌మాన్ గ్రూపు ఇమేజ్ ప్లేట్ అనే డిటెక్టర్ పెట్టి చూస్తే, 3.5 దగ్గర మొదలై 3.8 లోపే ముగిసిపోయే చిన్న సందులో సినబార్ అనే ఇంకో ఫేజ్ (స్ట్రక్చర్) దాక్కుని ఉంది. పాత డిటెక్టర్లతో, పెద్ద పెద్ద స్టెప్పుల్లో ప్రెషర్ పెంచుకుంటూ పోయినవాళ్ళకి అది దొరకలేదు. ఆ గ్రూపే పుస్తకాల్లో బీటా టిన్ అని రాసిపెట్టిన చాలా కాంపౌండ్ల స్ట్రక్చర్లు అసలు అది కాదని తేల్చి పారేసింది. కాబట్టి కాడ్మియం టెల్యురైడ్ తీస్కుంటే సింక్రోట్రాన్ ఎక్స్‌ఆర్‌డీ ఉండాల్సిందే, 0.2 జీపీఏ స్టెప్పులతో పోవాల్సిందే. ల్యాబ్‌లో రామన్ ఒక్కటే పెట్టుకుని దీని జోలికి పోవద్దు.

బిస్మత్ టెల్యురైడ్ లాంటి లేయర్డ్‌వి ఇప్పుడు బాగా నడుస్తున్నాయి, బెంగళూరులో వీటి మీద చేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి డౌట్ వస్తే అడగడానికి మనిషి దొరుకుతాడు, ఇది చిన్న విషయం కాదు. 8 జీపీఏ దగ్గర రాంబోహెడ్రల్ నుంచి మోనోక్లినిక్, ఇంకా పైకి పోతే ఇంకో మోనోక్లినిక్, 14-15 దాటాక బిస్మత్, టెల్యూరియం రెండూ కలగాపులగంగా కూర్చునే బాడీ సెంటర్డ్ క్యూబిక్. ఒక్క మెటీరియల్‌లో ఇన్ని మార్పులు, అంతకుముందే 3-4 జీపీఏ దగ్గర ఎలక్ట్రానిక్ టోపాలజికల్ ట్రాన్సిషన్ (స్ట్రక్చర్ మారకుండా ఎలక్ట్రాన్ల అమరిక మాత్రమే మారడం) అని ఇంకో గొడవ. థీసిస్ చాప్టర్‌కి సరిపడా సరుకుంది. కాకపోతే రామన్ పీకులు 60, 100, 130 వేవ్‌నంబర్ల దగ్గర ఉంటాయి, మీ స్పెక్ట్రోమీటర్ ఫిల్టర్ 100 కింద కట్ చేసేస్తే మొదటి పీక్ మీకు కనపడనే కనపడదు, ఇది ముందే చూస్కోండి. లేజర్ పవర్ ఎక్కువ పెడితే శాంపిల్ మాడిపోతుంది. ఎక్స్‌ఆర్‌డీలో రేకులన్నీ ఒకే వైపు పడుకుని ఇంటెన్సిటీలు తప్పుడు లెక్క చూపిస్తాయి.

లెడ్ టెల్యురైడ్ గురించి ఒక్క ముక్కే, అది మామూలుగానే రాక్ సాల్ట్, రాక్ సాల్ట్‌కి ఫస్ట్ ఆర్డర్ రామన్ (మనం వెతికే మామూలు పీకులు) ఉండదు, కాబట్టి రామన్ వాళ్ళు దాని జోలికి పోకండి. హాలైడ్ పెరోవ్‌స్కైట్‌లు, ఆ మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్, 0.3-0.4 జీపీఏకే మొదటి మార్పు చూపిస్తాయి, అంత మెత్తనివి, కానీ ఆల్కహాల్ మీడియంలో వేశారో శాంపిల్ పాడైపోతుంది. ఆర్గాన్ గ్యాసో ఇంకో రియాక్ట్ కాని మీడియమో వాడాలి. చెన్నైలో చేసేవాళ్ళకి అయితే గాల్లో తేమతో ఇంకో తలనొప్పి, గ్లవ్ బాక్స్ లేకుండా లోడ్ చెయ్యలేరు, బెంగళూరులో కొంచెం నయం కానీ వర్షాకాలంలో ఇక్కడా అదే పాట.

మెటీరియల్ అయింది, ఇక టెక్నిక్. రామన్ ఫస్ట్, ఎందుకంటే అది మీ బిల్డింగ్‌లోనే ఉంటుంది, వారానికి రెండు స్లాట్లు దొరుకుతాయి, తప్పు జరిగితే మళ్ళీ చెయ్యొచ్చు. పైగా మనం ఉన్నది సీవీ రామన్ 1933లో వచ్చి స్థిరపడ్డ ఊరు, ఆయన ఇక్కడున్నప్పుడు డైమండ్ల మీద కూడా ఏళ్ళ తరబడి పనిచేశారు, ఇప్పుడు ఆయన పేరున్న ఎఫెక్ట్‌ని డైమండ్ల మధ్యలో పెట్టి చూస్తున్నాం. డైమండ్ సొంత పీక్ 1332 దగ్గర వస్తుంది, మన సెమీకండక్టర్ల పీకులు చాలావరకు 600 కిందే కాబట్టి అడ్డం రాదు. కానీ నైట్రోజన్ ఎక్కువున్న చవక డైమండ్లు ఫ్లోరెసెన్స్ కొట్టి బ్యాక్‌గ్రౌండ్ పెంచేస్తాయి, అందుకే టైప్ టూ-ఏ (నైట్రోజన్ దాదాపు లేనిది), లో ఫ్లోరెసెన్స్ అని అడిగి కొంటారు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన గోల్కొండ వజ్రాలు పేరు తెచ్చుకున్నది ఈ టైప్ టూ-ఏ స్వచ్ఛతకే, ఇప్పటికీ నగల వ్యాపారులు ఆ క్వాలిటీని గోల్కొండ అనే పిలుస్తారు, మన ల్యాబ్‌కి మాత్రం అంత అదృష్టం లేదు లెండి.

రామన్‌తో ప్రమాదం ఎక్కడంటే, జింక్ బ్లెండ్ నుంచి రాక్ సాల్ట్‌కి పోతే పీకులు మాయమవుతాయి, సరే. కానీ శాంపిల్ మెటల్ అయిపోయినా పీకులు మాయమవుతాయి, అమార్ఫస్ అయితే, అంటే పరమాణువుల వరస తప్పితే, చెదిరిపోతాయి, లేజర్ ఫోకస్ తప్పినా మాయమవుతాయి. పీక్ పోయింది కాబట్టి రాక్ సాల్ట్ వచ్చింది అని రాసిన డ్రాఫ్ట్‌లు నేను చాలా చూశా, అది ప్రూఫ్ కాదు. ఏదో మారింది అని చెప్పడానికి రామన్, ఏ స్ట్రక్చర్‌కి మారింది అని చెప్పడానికి ఎక్స్‌ఆర్‌డీ. దీనికి షార్ట్ కట్ లేదు.

ఎక్స్‌ఆర్‌డీకి ల్యాబ్ సోర్స్ చాలదా అంటే, మీ డిపార్ట్‌మెంట్‌లో ఉండే మామూలు కాపర్ సోర్స్ ఎక్స్‌రేని డైమండ్లే దాదాపు మొత్తం మింగేస్తాయి. మాలిబ్డినం సోర్స్ అయితే పని జరుగుతుంది కానీ 100-150 మైక్రాన్ల శాంపిల్ నుంచి ఒక్క ప్యాటర్న్‌కి గంటలు పడుతుంది. అందుకని సింక్రోట్రాన్. మనకి దగ్గర్లో ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్‌లో 2.5 జీఈవీ ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది, బయట అయితే ఇటలీలో ట్రియెస్టే దగ్గర ఎలెట్రాలో ఎక్స్‌ప్రెస్ అనే హై ప్రెషర్ బీమ్‌లైన్ ఇండియా-ఇటలీ కలిసి పెట్టుకున్నదే, హాంబర్గ్ పెట్రా-త్రీకి కూడా మనవాళ్ళకి దారి ఉంది. ఎమ్మెస్సీ వాళ్ళు వీటి మీద ఆశ పెట్టుకోవద్దు, ప్రపోజల్ రాసి, అది పాసై, స్లాట్ వచ్చేసరికి మీ కోర్సు అయిపోతుంది. పీహెచ్‌డీ వాళ్ళు మాత్రం మొదటి ఏడాదే ప్రపోజల్ వెయ్యండి, అదీ ముందు రామన్‌లో ఏదో తేడా చూసి, ఫలానా ప్రెషర్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి అని ప్రశ్న పట్టుకుని వేస్తే కమిటీకి నచ్చుతుంది. సెల్ పట్టుకుని ఫ్లైట్ ఎక్కేటప్పుడు ఇన్‌స్టిట్యూట్ లెటర్ పెట్టుకోండి, ఎక్స్‌రే మెషీన్‌లో అది స్టీల్ ముద్దలా కనిపిస్తుంది, సెక్యూరిటీ వాళ్ళు అడక్క మానరు.

రెసిస్టెన్స్ కొలిచే దారి ఒకటుంది, పాతది. 1962లో మినోమురా, డ్రికమర్ సిలికాన్, జెర్మేనియం, కొన్ని మూడు-ఐదు కాంపౌండ్లలో ట్రాన్సిషన్లు పట్టుకున్నది దీనితోనే, సెమీకండక్టర్ ఒక్కసారిగా మెటల్ అయిపోతే రెసిస్టెన్స్ ఎన్నో రెట్లు పడిపోతుంది. కానీ అప్పటి ప్రెషర్ స్కేల్ ప్రకారం సిలికాన్‌కి 20 జీపీఏ చిల్లర అని వచ్చింది, తర్వాత స్కేల్ సరిదిద్దాక 11-12 అని తేలింది, ఎవరైనా పాత పేపర్ నంబర్ కోట్ చేసేటప్పుడు ఇది చూస్కోవాలి. చేతిపని బాగా వచ్చినవాళ్ళు చెయ్యొచ్చు, డైమండ్ ముఖం మీద నాలుగు సన్నటి తీగలు షార్ట్ అవ్వకుండా పెట్టడం అంటే మాటలు కాదు.

డీఎఫ్‌టీ సంగతి. క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, జింక్ బ్లెండ్ యూనిట్ సెల్‌లో (క్రిస్టల్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కలో) రెండే పరమాణువులు, మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, ఐఐఎస్సీలో 2022లో వచ్చిన పరమ్ ప్రవేగ లాంటి సూపర్ కంప్యూటర్లు దీనికి అక్కర్లేదు. రెండు స్ట్రక్చర్ల ఎంథాల్పీ గీతలు ఎక్కడ కలుస్తాయో అదే ట్రాన్సిషన్ ప్రెషర్ అని వస్తుంది. అయితే డీఎఫ్‌టీలో వాడే రెండు లెక్క పద్ధతుల్లో ఎల్‌డీఏ మామూలుగా ప్రయోగం కన్నా తక్కువ చూపిస్తుంది, పీబీఈ దానికన్నా పైన చూపిస్తుంది, దాంట్లో ఏది మన డేటాకి దగ్గరగా ఉంటే అది పెట్టుకోవడం అనే చెడ్డ అలవాటు చాలామందికి ఉంది, చెయ్యొద్దు. ఇంకోటి, కాలిక్యులేషన్ ఇచ్చేది ఈక్విలిబ్రియం ప్రెషర్, ప్రయోగంలో మనం ఎక్కేటప్పుడు చూసేది బారియర్ దాటాక వచ్చే ప్రెషర్, అందుకే జింక్ ఆక్సైడ్ లాంటి దాంట్లో ఎక్కేటప్పటి 9నీ దిగేటప్పటి 2నీ రెండూ పెట్టుకుని పోల్చాలి. సెల్ అస్సలు దొరకని కాలేజీలో ఉంటే డీఎఫ్‌టీ ఒక్కటే చేస్కోండి తప్పులేదు, సెల్ ఉంటే మాత్రం అది రెండోదే.

మీడియం విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు, 10 కింద అయితే మిథనాల్-ఇథనాల్ 4:1, శాంపిల్ ఆల్కహాల్‌తో రియాక్ట్ అయితే ఆర్గాన్. దీనికి కంప్రెసర్ లేకపోయినా పర్లేదు, 87 కెల్విన్‌కి ద్రవమయ్యే ఆర్గాన్‌ని లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచి సెల్‌లోకి పట్టొచ్చు, 84 కింద గడ్డకట్టేస్తుంది కాబట్టి చూసుకుంటూ పట్టాలి. ఇంకా పైకి నియాన్, హీలియం. సిలికోన్ ఆయిల్ తేలిక కానీ కొన్ని జీపీఏలకే స్ట్రెస్ అన్ని వైపులా సమానంగా ఉండదు, అలాంటప్పుడు ట్రాన్సిషన్ ముందే మొదలైనట్టు కనిపించొచ్చు. దీన్ని పసిగట్టడానికి, ప్రెషర్ కొలవడం కోసం శాంపిల్ పక్కన పెట్టే రూబీ ముక్కనే చూడండి, దాని రెండు పీకులు విడివిడిగా ఉన్నంతసేపు బాగానే ఉన్నట్టు, కలిసిపోతుంటే మీడియం చేతులెత్తేసినట్టు. రూబీ మొదటి పీక్ 694.2 నానోమీటర్ల దగ్గర మొదలై జీపీఏకి 0.365 చొప్పున జరుగుతుంది, గదిలో టెంపరేచర్ 5-6 డిగ్రీలు మారినా 0.1 జీపీఏ తేడా వచ్చేస్తుంది, కాబట్టి ఏసీ ఆపి ఆన్ చేసి ఆడుకోవద్దు, ముఖ్యంగా కాడ్మియం టెల్యురైడ్ లాంటి సన్నటి సందులు వెతికేటప్పుడు.

మొత్తానికి నా లెక్క ఇది: ఆర్నెల్ల ఎమ్మెస్సీ, 532 నానోమీటర్ల లేజర్ రామన్, పెద్ద ముఖం డైమండ్ ఉంటే కాడ్మియం సల్ఫైడ్, ఇంకో ఆలోచన వద్దు. పీహెచ్‌డీ అయి, తక్కువ వేవ్‌నంబర్ చూడగలిగే రామన్, ఇండోర్ బీమ్ టైమ్ రెండూ చేతిలో ఉంటే బిస్మత్ టెల్యురైడ్ ఫ్యామిలీ. గ్యాస్ లోడింగ్ కూడా ఉంటే జింక్ ఆక్సైడ్ నానో. చెన్నై వైపు చేరేవాళ్ళకి కల్పాక్కంలో హై ప్రెషర్ పని పాతకాలం నుంచీ ఉంది, అక్కడ సీనియర్లని కలిసి వాళ్ళ దగ్గరున్న సెల్‌ని బట్టే ఫిక్స్ అవ్వండి.

ఏది తీస్కున్నా ప్రెషర్ వదిలేటప్పుడు కూడా స్టెప్ స్టెప్‌కి డేటా తియ్యండి, చాలామంది పైకెక్కడం అయిపోగానే స్క్రూలు విప్పేస్తారు. సిలికాన్‌ని నెమ్మదిగా వదిలితే మళ్ళీ డైమండ్ స్ట్రక్చర్‌కి రాకుండా బీసీ-8 అనే కొత్త ఫేజ్‌లో ఆగిపోతుంది, జెర్మేనియం ఎస్‌టీ-12లో ఆగుతుంది, కాడ్మియం సల్ఫైడ్ వర్ట్‌జైట్, జింక్ బ్లెండ్ కలిపి వస్తుంది. కాబట్టి సెల్ పూర్తిగా విప్పాక కూడా ఆ గాస్కెట్‌ని శాంపిల్‌తో సహా పేరు, తేదీ రాసి చిన్న డబ్బీలో దాచండి, ఆర్నెల్ల తర్వాత రెఫరీ రికవర్డ్ శాంపిల్ రామన్ అడిగితే అదే దిక్కు.